సవరణ: బ్రాడ్‌వేలో కచేరీ తరహా నాటకాలకు చోటు

కచేరీ పద్ధతిలో సాగే కొత్త తరహా సంగీత నాటకాలకు న్యూయార్క్‌లోని వాణిజ్య నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వే తలుపులు మూసుకుపోయాయని ఇదివరకటి వ్యాసంలో రాసిన వాక్యాన్ని, అక్కడ ఉదాహరణగా ఇచ్చిన ‘పాసింగ్ స్ట్రేంజ్’ వరకే పరిమితం చేసి చదువుకోవలసిందిగా మనవి. 2008 ఫిబ్రవరి చివర మొదలైన ఆ నాటకం, ఉత్తమ సంగీత నాటక రచనకు అమెరికా నాటకరంగపు టోనీ పురస్కారం అందుకున్నా, జూలైలోనే ముగిసిపోయింది. అయితే ఆ ఒక్కదాన్ని బట్టి రంగం మొత్తం మీద తీర్పు చెప్పడం కుదరదు.

ఇందుకు ‘సిక్స్’ గట్టి ఉదాహరణ. 2017లో కేంబ్రిడ్జ్ విద్యార్థులు స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో ఫ్రింజ్ ఉత్సవంలో ప్రదర్శించిన ఈ నాటకంలో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ భార్యలు ఆరుగురూ మైకులు చేతబట్టి, పాప్ గాయనుల్లా నేరుగా ప్రేక్షకులతోనే మాట్లాడుతూ పాడతారు. వాద్యబృందం కూడా వేదిక ముందు పల్లంలో దాగి ఉండక, వేదిక మీదే కనిపిస్తుంది. ఆరుగురు నటీమణులతో, నలుగురు వాద్యకారులతో, విరామం లేకుండా దాదాపు 80 నిమిషాల్లో ముగిసే ప్రదర్శనకు భారీ తారాగణపు జీతభత్యాల బరువు ఉండదు (నిర్మాతల లెక్కల్లో ఇది చిన్న విషయమేమీ కాదు). 2021లో బ్రాడ్‌వేలో మొదలయ్యాక అది నిలదొక్కుకుంది.

మరో సంగీత నాటకం ‘హేడిస్‌టౌన్’ 2006లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో మొదలై, 2010లో ఆల్బమ్‌గా వెలువడి, 2019లో గానీ బ్రాడ్‌వే చేరలేదు. చోటు ఉన్నమాట నిజమే కానీ, ఇలాంటి ప్రయోగాన్ని వాణిజ్య నిర్మాతలు చాలావరకు తామై మొదలుపెట్టరు. చిన్న వేదికల మీద నెగ్గుకొచ్చినదాన్నే అందుకుంటారు. నిర్మాతల మీద వ్యాసంలో చేసిన ఈ ఫిర్యాదులో మార్పేమీ లేదు.