పీరియడ్ ప్లాన్‌లో ఐదో గడి గారికి

మహారాజశ్రీ 'స్థాయిని బట్టి బోధన - స్వీయ అభ్యసనం' గడి గారి దివ్యసముఖానికి ఒక ప్రాథమిక పాఠశాల టీచరు నమస్కరించి వ్రాసుకున్నది.

ఉభయకుశలోపరి. కాకపోతే నిన్న మధ్యాహ్నం తమరి పక్కన "నమోదు అసంపూర్ణం" అని ఎర్రసిరా పడ్డాక నా వైపు కుశలం కాస్త తగ్గింది.

ప్రతి పీరియడ్‌కీ ఏం చెబుతామో ముందే రాసిపెట్టాల్సిన ప్లాన్‌లో తమరిని ఖాళీగా వదిలిన మాట నిజమే. అయిదు తరగతులకు ఇద్దరం. రెండో ఆవిడ ట్రైనింగ్‌కి వెళ్లారు. దేని మీదంటారా? తమరి మీదే. హాలునిండా టీచర్లు, అందరికీ ఒకే పీపీటీ, ఒకే వేగం.

ఇక్కడ వరండాలో మా మూడో తరగతి పిల్లాడు చీపురుపుల్లల కట్టలు ముందేసుకుని రెండో తరగతి పాపకి 42లోంచి 17 తీసేయడం చెబుతున్నాడు. "రెండులోంచి ఏడు పోదు కదే, పక్కింట్లో అప్పు తెచ్చుకో. ఒక్క కట్టే ఇస్తారు, రబ్బరు తీసెయ్, పది." పాప రబ్బరు తీసింది, లెక్కపెట్టింది, పాతిక తేల్చింది. తేల్చి ఊరుకోలేదు. "మరి ఆ అప్పు తిరిగి ఎప్పుడిస్తాం?" అంది. వాడు బిక్కమొహం వేశాడు. ఇన్నేళ్ల సర్వీసులో నన్నెవరూ ఆ మాట అడగలేదు. వాడేం చెబుతాడా అని నేనూ చెవి ఒగ్గాను.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర తనిఖీ ఆఫీసరు బండి ఆగింది. "ఏంటమ్మా ఈ గోల? ఎక్కాలు చెప్పించండి, ఫైలు పట్రండి." పుల్లలు మూలకి పోయాయి. బడి వదిలేదాకా తమరి సేవే.

ఎవరి వేగం వారిది అంటారు తమరు. అదే ఫైల్లో నాలుగు పేజీలు ముందుకు తిప్పితే ఏ నెలకి ఏ పాఠమో షెడ్యూలుంటుంది. 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లోనూ ఇదే కాపురం: గడువులోగా సిలబస్ అంతా అయిపోవాలి, దాని కిందే, ఒక్కో బిడ్డ సామర్థ్యం చూసుకుని అవసరమైనంత అదనంగా చెప్పాలి. రెండూ చేస్తానయ్యా, కాదనను. కానీ అక్షరాలు కూడబలుక్కునే వాడికీ, వాచకం గడగడ చదివేసేవాడికీ ఒకే రోజు ఒకే పేపరు పంపించి, మళ్లీ నన్నే "విభిన్నత ఏదమ్మా" అని అడగడానికి నోరెలా వస్తుంది? పిల్లల దగ్గర కూర్చోవాల్సిన గంట, కూర్చున్నట్టు రాయడానికే పోతుంటే ఇంకెప్పుడు కూర్చోను?

పద్ధతి మీద నాకు కోపం లేదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లె బళ్ల కోసం నిచ్చెన, కార్డులు చేశారు. బిడ్డ తన మెట్టు తనే చూసుకుని, తన కార్డు తనే తెచ్చుకుంటుంది. దాన్ని చూసే 2003లో చెన్నై కార్పొరేషన్ బళ్లలో ఈ పద్ధతి మొదలుపెట్టారు. అక్కడ ముందు పిల్లల చేతికి కార్డులొచ్చాయి. మాకు ముందు తమరొచ్చారు.

స్కేలు పెట్టి కొలిచాను. తమరి వెడల్పు రెండున్నర సెంటీమీటర్లు. అందులో ఇరవై ఎనిమిది మంది పట్టాలి.

పొద్దున గేటు దగ్గరే ఆ పాప నా కొంగు పట్టుకుంది. "టీచర్, అప్పు సంగతి?" మొదటి పీరియడ్ దానికే. తమరు ఇవాళా ఖాళీయే.

ఇట్లు,
అసంపూర్ణురాలు