పాత ఆల్‌ వీల్‌ డ్రైవ్‌ బండికి ప్రొపెల్లర్‌ షాఫ్ట్‌ ఊడదీయడం వైద్యం కాదు

విశాఖపట్నంలో పాత కార్లు నడిపేవారి వాట్సాప్‌ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. నాకు అది నలుగురి దగ్గర నుంచి వచ్చింది. వారిలో ఒకరు మా పెదనాన్నగారి అబ్బాయి. అన్నయ్య గాజువాకలో ఉంటాడు, పాత డస్టర్‌ ఆల్‌ వీల్‌ డ్రైవ్‌, అంటే నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి, నడుపుతాడు. అందులో హెచ్చరిక లైటు వెలిగింది. ఆ సందేశం చదివి, ముందు నుంచి వెనక చక్రాలకు శక్తిని చేరవేసే పొడవాటి ప్రొపెల్లర్‌ షాఫ్ట్‌ను మర్నాడే తీయించడానికి సిద్ధపడ్డాడు. సందేశం చెప్పేది ఇది: పదేళ్లు దాటిన ఆల్‌ వీల్‌ డ్రైవ్‌ బండిలో ఇంటి దగ్గర చేసుకోగల పని ఏదీ లేదు, అంతా కంప్యూటర్‌ వ్యవహారం, మలుపులో మూలిగినా, డ్యాష్‌బోర్డులో లైటు వెలిగినా వెనక డిఫరెన్షియల్‌ (చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగనిస్తూ శక్తిని పంచే గేర్ల పెట్టె) పోయినట్టే, డిఫరెన్షియల్‌ ఆయిల్‌ జీవితాంతం ఉంటుంది కనుక దాని జోలికి పోనక్కర్లేదు, టైర్లు అరిగితే ముందువి రెండు మారిస్తే చాలు, విశాఖలో మంచు పడదు కాబట్టి ప్రొపెల్లర్‌ షాఫ్ట్‌ ఊడదీసి అటక మీద పెట్టుకుంటే బండి మామూలు ఫ్రంట్‌ వీల్‌ డ్రైవ్‌ అయిపోతుంది, మైలేజీ లీటరుకు మూడు నాలుగు కిలోమీటర్లు పెరుగుతుంది.

ఇందులో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది చివరి మాట. అందుకే దానితోనే మొదలుపెడతాను. నాలుగు చక్రాలకూ శక్తి అందే బండ్లన్నీ ఒకే రకం కావు. మారుతీ జిప్సీ, బొలెరో ఫోర్‌ బై ఫోర్‌ వంటివి పార్ట్‌టైమ్‌ రకానికి చెందినవి. వాటిలో మధ్య డిఫరెన్షియల్‌ ఉండదు, లీవరు 2హెచ్‌లో, అంటే రెండు చక్రాల స్థానంలో ఉన్నంతసేపూ వెనక చక్రాలే బండిని తోస్తాయి. వీటిలో ముందు షాఫ్ట్‌ తీసినా బండి నడుస్తుంది. సందేశంలో ఏదైనా నిజం ఉంటే అది ఇంతవరకే. కానీ ముందు చక్రాలకు శక్తి ఆపే ఆ పనిని లీవరు ముందే చేసి పెట్టింది. పాత తరం గ్రాండ్‌ విటారా సంగతి పూర్తిగా వేరు. అందులో ముందు వెనకల మధ్య సెంటర్‌ డిఫరెన్షియల్‌ ఉంది, శక్తి ఎప్పుడూ రెండు వైపులకూ వెళుతుంది. అడ్డు తక్కువగా ఉన్న వైపుకు తిరిగిపోవడం డిఫరెన్షియల్‌ స్వభావం. కనుక వెనక షాఫ్ట్‌ ఊడదీసి 4హెచ్‌లో, అంటే నాలుగు చక్రాల మామూలు స్థానంలో క్లచ్‌ వదిలితే ఇంజిన్‌ తిప్పినదంతా షాఫ్ట్‌ బిగించే ఆ ఖాళీ ఫ్లాంజి దగ్గరే తిరిగిపోతుంది, బండి అంగుళం కూడా కదలదు. సెంటర్‌ డిఫరెన్షియల్‌కు లాక్‌ వేస్తే కదులుతుంది గాని, రెండు యాక్సిళ్లు పంచుకోవలసిన భారమంతా ముందు యాక్సిల్‌ ఒక్కటే మోయాలి. షెవర్లే పేరుతో మన దేశంలో అమ్మిన సుబారు ఫారెస్టర్‌ మాన్యువల్‌ బండిలో మధ్య డిఫరెన్షియల్‌కు తోడుగా, ముందు వెనకల వేగాల తేడాను అదుపు చేసే విస్కస్‌ కప్లింగ్‌ ఉంటుంది. అక్కడ ఒక షాఫ్ట్‌ తీస్తే భారమంతా ఆ కప్లింగ్‌లోని చిక్కటి సిలికోన్‌ ద్రవం మీద పడుతుంది, అది కాగి కాగి పాడవుతుంది. అంటే, చెడిపోయిందో లేదో ఇంకా తేలని భాగానికి భయపడి, బాగున్న భాగాన్ని చేజేతులా చెడగొట్టుకోవడమన్న మాట.

డస్టర్‌, హోండా రెండో తరం సీఆర్‌-వీ వంటి మూడో రకం బండ్లు షాఫ్ట్‌ లేకపోయినా ముందు చక్రాలతో నడుస్తాయి. అయితే ఇవి మామూలు రోడ్డు మీద ఎలాగూ దాదాపు ముందు చక్రాలతోనే నడుస్తాయి, ముందు చక్రాలు జారినప్పుడే వెనకవాటికి శక్తి వెళుతుంది. డస్టర్‌లోనైతే 2డబ్ల్యూడీ స్థానం ఉన్న మీటే ఉంది. షాఫ్ట్‌ తీసినందువల్ల ఆదా అయ్యేది దాని బరువు, దాన్ని ఊరికే తిప్పడానికి అయ్యే కొద్దిపాటి శక్తి మాత్రమే. ముందు గేర్‌బాక్సు పక్కనున్న ట్రాన్స్‌ఫర్‌ గేర్లు అప్పటికీ తిరుగుతూనే ఉంటాయి. ఇంత చిన్న ఆదాతో లీటరుకు మూడు నాలుగు కిలోమీటర్లు రావు. నిజంగా అంత తేడా ఎవరికైనా కనిపించి ఉంటే, అదే రోజు టైర్లలో గాలి నింపించారేమో, పట్టేసిన బ్రేకు విడిపించారేమో అడిగి చూడాలి.

మంచు పడదన్న మాటకు జవాబు మన ఘాట్‌ రోడ్లే చెబుతాయి. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఎక్కేటప్పుడు వానకు తడిసిన ఆకులు పరుచుకున్న మలుపులు, పాడేరు వైపు కాఫీ తోటల్లోకి చీలే ఎర్రమట్టి దారులు చక్రం జారడానికి మంచు కన్నా తక్కువేమీ కావు.

ఇక మూలుగు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ శబ్దాన్ని నేను మూడు నెలలు విన్నాను. నాది రెండో తరం సీఆర్‌-వీ. మా సీతమ్మధార అపార్ట్‌మెంటు సెల్లార్‌లోకి దిగుతూ స్టీరింగు పూర్తిగా కుడికి తిప్పగానే, తుప్పు పట్టిన గేటు బందుల మీద బరువుగా తిరిగినట్టు వెనక సీటు కింద నుంచి శబ్దం వచ్చేది, నేల సన్నగా అదిరేది. ఒక వర్క్‌షాపులో చూపిస్తే డిఫరెన్షియల్‌ మొత్తం మార్చాలన్నారు. ఆయిల్‌ చూశారా అని అడిగితే అవసరం లేదన్నారు. ఆ బండి వెనక డిఫరెన్షియల్‌లో రెండు పంపులుంటాయి, ఒకదాన్ని ప్రొపెల్లర్‌ షాఫ్ట్‌, రెండోదాన్ని వెనక చక్రాలు తిప్పుతాయి. ముందు చక్రాలు జారి వేగంగా తిరిగితే రెండు పంపుల మధ్య తేడా పుట్టి, ఆ ఒత్తిడి క్లచ్‌ పలకలను అదుముతుంది. ఆ పలకలు తడిసి ఉండేది ఒక ప్రత్యేకమైన ద్రవంలో. ద్రవం పాతబడితే పలకలు మెత్తగా జారకుండా పట్టి వదులుతూ అదురుతాయి, ఆ అదురే మూలుగుగా వినిపిస్తుంది. బిగుతు మలుపులో ముందు వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరుగుతాయి కనుక అక్కడే అది బయటపడుతుంది.

ఆ ద్రవాన్ని నేను సెల్లార్‌లోనే మార్చాను. ముందురోజు రాత్రి బోల్టుల మీద తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాను. సముద్రపు గాలి తగిలే ఈ ఊళ్లో ఆ ఒక్క రాత్రి నానబెట్టకపోతే బోల్టు తల అరిగిపోతుంది. మర్నాడు ముందుగా పైనున్న నింపే బోల్టు విప్పాను, అది వదిలిన తరువాతే కిందిది ముట్టుకున్నాను. ఈ వరుస తప్పనిసరి, ఎందుకంటే కిందిది విప్పి ఆయిలంతా వదిలేశాక పైది పట్టేసిందని తెలిస్తే, బండి ఎండిపోయిన డిఫరెన్షియల్‌తో అక్కడే ఉండిపోతుంది. కారినది నల్లగా ఉంది, కాలిన వాసన వేసింది. కింది బోల్టు చివరి అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి ముద్ద అంటుకుని ఉంది. వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగల్లేదు, అంటే అది మామూలు అరుగుదల మాత్రమే. లోహపు ముక్కలు, విరిగిన గేరు పళ్ల పెచ్చులు కనిపించి ఉంటే వర్క్‌షాపు మాట నేనూ నమ్మేవాణ్ణి. కంపెనీ చెప్పిన ద్రవమే సుమారు లీటరు, పై రంధ్రం నుంచి పొర్లేదాకా సన్నని గొట్టంతో ఎక్కించి, ఖాళీ మైదానంలో నెమ్మదిగా 8 అంకె ఆకారంలో కొన్ని చుట్లు తిప్పాను. శబ్దం చాలావరకు తగ్గింది. కొన్ని వారాల తరువాత మరోసారి మార్చాక పూర్తిగా పోయింది. తీసిన పాత ఆయిల్‌ను దయచేసి గెడ్డలో పోయకండి, అది నేరుగా సముద్రంలోకే పోతుంది. డబ్బాలో పట్టి ఏ మెకానిక్‌ షెడ్డుకు ఇచ్చినా వాడేసిన ఆయిల్‌ కొనేవారికి చేరుస్తారు.

జీవితాంతం ఉండే ఆయిల్‌ అన్న మాటకు కూడా ఇందులోనే సమాధానం ఉంది గాని, ఒక హెచ్చరిక కలపాలి. ఆయిల్‌ మార్చాలి అనగానే ఏదో ఒక గేర్‌ ఆయిల్‌ పోయకూడదు. బొలెరో వెనక డిఫరెన్షియల్‌ హౌసింగ్‌ (గేర్లుండే ఇనుప డొప్ప) వంటివాటికి జీఎల్‌-5 తరగతి గేర్‌ ఆయిల్‌ సరిపోతుంది. అదే ఆయిల్‌ సీఆర్‌-వీ వెనక డిఫరెన్షియల్‌లో పోస్తే క్లచ్‌ పలకలు పాడవుతాయి, గేరు మారేటప్పుడు వేగాలు కలిపే ఇత్తడి సింక్రో రింగులున్న పాత గేర్‌బాక్సులకూ ఆ తరగతి అన్నిచోట్లా పనికిరాదు. బండితో వచ్చిన పుస్తకంలో ఏముందో అదే ప్రమాణం. వాననీళ్లలో ఇరుసు మునిగేంత లోతుగా బండి వెళ్లి ఉంటే కిలోమీటర్ల లెక్క చూడకుండా వెంటనే బోల్టు విప్పి చూడాలి. నడిచి నడిచి వేడెక్కిన హౌసింగ్‌ చన్నీళ్లు తగలగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది, అప్పుడు గాలి ఆడేందుకు పెట్టిన బ్రీదర్‌ నుంచో సీల్‌ అంచు నుంచో నీటిని లోపలికి పీల్చుకుంటుంది. పాలు కలిపిన కాఫీ రంగులో ఆయిల్‌ వస్తే నీళ్లు చేరినట్టే.

మలుపులో కాకుండా తిన్నని రోడ్డు మీద హోరు వినిపిస్తే, దానికీ డిఫరెన్షియల్‌నే నిందించనక్కర్లేదు. తెల్లవారుజామున భీమిలి వైపు బీచ్‌ రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, అనుమతించిన వేగంలో, అద్దాలు ఎత్తి వెళ్లండి. రోడ్డు ఉపరితలం మారినప్పుడల్లా హోరు మారితే అది టైరు. స్టీరింగును మెల్లగా కుడికి వంచినప్పుడు, అంటే బరువు ఎడమ వైపు పడినప్పుడు హోరు పెరిగితే ఎడమ చక్రం బేరింగ్‌ను అనుమానించాలి. ఎడమకు వంచినప్పుడు పెరిగితే కుడిది. యాక్సిలరేటర్‌ తొక్కినప్పుడు ఒక స్వరం, వదిలినప్పుడు మరో స్వరం వస్తే అప్పుడు డిఫరెన్షియల్‌లోని ప్రధాన గేర్ల జత, క్రౌన్‌ పినియన్‌ వైపు చూడాలి. బండి కదిలేటప్పుడు ఠక్కుమంటే ప్రొపెల్లర్‌ షాఫ్ట్‌ కీలు దగ్గరి యూ-జాయింట్‌ క్రాస్‌, కదిలిన తొలి క్షణాల్లో నేల గుడగుడలాడితే ఆ షాఫ్ట్‌ను మధ్యలో పట్టి ఉంచే సెంటర్‌ బేరింగ్‌ రబ్బరు. స్టీరింగు పూర్తిగా తిప్పి నడిపినప్పుడు టకటక వస్తే ముందు యాక్సిల్‌ జాయింటు. దాని రబ్బరు తొడుగు చిరిగిందో లేదో చక్రం లోపలి వైపు చిమ్మిన గ్రీజే చెబుతుంది. జిప్సీ, బొలెరోల్లో 4హెచ్‌ వేసి ఎండిన తారు రోడ్డు మీద మలుపు తిరిగితే బండి బిగుసుకున్నట్టు గెంతడం జబ్బు కానే కాదు, ఆ గేరు అక్కడ వేయకూడదు, అంతే.

రెండు టైర్లే మార్చుకోవచ్చన్న మాటను లెక్కతో కొట్టివేయవచ్చు. డస్టర్‌కు వాడే 215/65 ఆర్‌16 టైరు కొత్తదైతే కిలోమీటరుకు సుమారు 464 చుట్లు తిరుగుతుంది. ట్రెడ్‌ 5 మిల్లీమీటర్లు అరిగిన టైరు వ్యాసం 10 మిల్లీమీటర్లు తగ్గుతుంది కనుక అది సుమారు 471 చుట్లు తిరుగుతుంది. కిలోమీటరుకు ఏడు చుట్ల తేడా. విశాఖ నుంచి అరకుకు ఉన్న సుమారు 115 కిలోమీటర్లలో అది దాదాపు 800 చుట్లు. ముందు చక్రాలు కొత్తవి, వెనకవి పాతవి అయితే ఈ తేడాను దారి పొడుగునా మింగవలసింది సెంటర్‌ డిఫరెన్షియలో, విస్కస్‌ కప్లింగో, క్లచ్‌ పలకలో. సుబారు కంపెనీ నాలుగు టైర్ల చుట్టుకొలతల మధ్య పావు అంగుళానికి మించి తేడా ఉండకూడదని చెప్పడం ఇందుకే. ఇది ఇంట్లో కొలవడం పది నిమిషాల పని: నాలుగింటిలోనూ ఒకే గాలి ఒత్తిడి పెట్టి, తాపీ మేస్త్రీలు వాడే టేపును టైరు మధ్య గాడి మీదుగా చుట్టాలి. దర్జీ టేపు చాలదు, ఎందుకంటే చుట్టుకొలత రెండు మీటర్లు దాటుతుంది. ఐదు వేల కిలోమీటర్లకోసారో పదివేలకోసారో టైర్లను ముందు వెనకలకు మారుస్తూ ఉంటే నాలుగూ కలిసి అరుగుతాయి, నాలుగూ కలిసి మార్చే ఖర్చు ఒకేసారి వస్తుంది. ఆ ఖర్చు బరువే, నేను కాదనను, కానీ కప్లింగ్‌ ధర దానికి మించినది.

అన్నయ్య డస్టర్‌లో వెలిగిన లైటు సంగతి చూద్దాం. వెనక చక్రాలకు శక్తిని కలిపే కప్లింగ్‌ను ఎప్పుడు పట్టించాలో నిర్ణయించే యూనిట్‌కు చక్రాల వేగం తెలిసేది ఏబీఎస్‌ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు) సెన్సర్ల ద్వారానే. ఒక్క సెన్సర్‌ మూగబోయినా అది ముందుజాగ్రత్తగా వెనక చక్రాలకు శక్తి ఆపి లైటు వెలిగిస్తుంది. కంప్యూటర్‌ కావాలన్న మాటలో నిజం ఇంతే: లోపం ఏ చక్రానిదో చెప్పడానికి స్కానర్‌ కావాలి, అది కూడా ఏబీఎస్‌ కోడ్లు చదవగలది కావాలి, ఇంజిన్‌ కోడ్లు మాత్రమే చదివే చవక పరికరం చాలదు. ఆ స్కానింగ్‌ ఒక్కటి బయట చేయించాం. వెనక ఎడమ చక్రం అని తేలింది. ఇంటికి వచ్చి చక్రం విప్పి చూస్తే సెన్సర్‌ కనెక్టర్‌లోని రాగి సూదులు పచ్చగా కిలుము పట్టి ఉన్నాయి. కాంటాక్ట్‌ క్లీనర్‌ కొట్టి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, తడి చేరకుండా సీలు సరిచేసి బిగించాం. లైటు ఆరింది. బ్యాటరీ వైరు పీకి పెట్టడం, ఫ్యూజు తీయడం ఇక్కడ పరిష్కారాలు కావు: చాలా బండ్లలో బ్యాటరీ తీసినా ఆ కోడ్లు చెరగవు, ఫ్యూజు తీస్తే ఏబీఎస్‌ కూడా పోతుంది.

ఇంటి దగ్గర చేయకూడనివి ఉన్నాయి. క్రౌన్‌ పినియన్‌ అమరిక, ముందు వెనకలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్‌ కేసు విప్పడం, కప్లింగ్‌ లోపలి పని సరైన కొలత పరికరాలు ఉన్నవారికే వదిలేయాలి. ఆటోనగర్‌లో ఆ పని ఏళ్ల తరబడి చేస్తున్నవారు ఉన్నారు. బండి కింద దూరేటప్పుడు జాకీ మీద భరోసా ఉంచకండి, సిమెంటు ఇటుకలు అసలే వద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. సమతలం చూసుకుని, ఉక్కు స్టాండ్లు పెట్టి, నేల మీదున్న చక్రాలకు రెండు వైపులా అడ్డు వేయాలి, ఎందుకంటే హ్యాండ్‌బ్రేకు సాధారణంగా వెనక చక్రాలకే పనిచేస్తుంది, వెనక లేపాక దానివల్ల ప్రయోజనం లేదు. రెండు చక్రాలు మాత్రం లేపి ఇంజిన్‌ నడుపుతూ గేరు వేస్తే, నేల మీదున్న రెండు చక్రాలు బండిని స్టాండ్ల మీద నుంచి లాగేయవచ్చు. ఘాట్‌లో బండి ఆగిపోయి క్రేన్‌ పిలవవలసి వచ్చినప్పుడు కూడా ఇదే చిక్కు వస్తుంది: ముందు చక్రాలు ఎత్తి వెనకవి రోడ్డు మీద ఈడ్చుకుంటూ అనంతగిరి నుంచి విశాఖ దాకా తెస్తే కప్లింగ్‌ దారిలోనే కాలిపోవచ్చు. అందుకే ఫోన్‌ చేసేటప్పుడే నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్‌ లారీ కావాలని స్పష్టంగా చెప్పాలి.