బీపీ నాటకాలాడుతుందా?

ఉప్పు తగ్గిస్తే బీపీ 'నాటకీయంగా' తగ్గుతుందని ఫోన్‌లో ఎక్కడో చదివి మా పెద్దమ్మ నన్ను అడిగింది: "అంటే పైకి తగ్గినట్టు కనబడుతుంది గానీ లోపల అలాగే ఉంటుందేమిట్రా?" నవ్వొచ్చింది. కానీ ఆలోచిస్తే తప్పు ఆవిడది కాదు, రాసినవాడిది. తెలుగులో నాటకం అంటే వేషం, లేనిది ఉన్నట్టు చూపించడం. 'నాటకాలాడకు' అని పిల్లల్ని కసురుతాం, 'డ్రామాలు ఆపు' అని స్నేహితుణ్ని అంటాం. మరి బీపీ నాటకీయంగా తగ్గిందంటే పెద్దమ్మకు ఇంకెలా అర్థం కావాలి?

రాసినవాడి మనసులో ఉన్నది ఇంగ్లిష్ 'డ్రమాటికల్లీ'. ఆ మాటకు మూలం గ్రీకు, అక్కడ 'చేయడం' అనే అర్థమున్న ధాతువు నుంచి డ్రామా పుట్టింది. స్టేజీ మీద మొదలైన ఆ మాట ఇంగ్లిష్‌లో స్టేజీ దిగి చాలాకాలమే అయింది. ఇప్పుడు ధరలకైనా రోగాలకైనా వాతావరణానికైనా దాని అర్థం ఒకటే: కొట్టొచ్చినట్టు కనబడేంత పెద్ద మార్పు. వేగం కూడా తప్పనిసరి కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 2.6 దరిదాపుల్లో ఉంటే, 2005-06 సర్వే నాటికి 1.8కి దిగింది. ఇంగ్లిష్‌వాడు దీన్ని నిక్షేపంగా 'డ్రమాటికల్లీ' అంటాడు. తెలుగులో 'జననాల రేటు నాటకీయంగా పడిపోయింది' అని రాసి చూడండి, లక్షల కుటుంబాలు కూడబలుక్కుని వేషం కట్టినట్టు ఉంటుంది.

నాటకీయం అనే మాటే వద్దనడం లేదు. 1984 ఆగస్టు 16న ఎన్టీఆర్‌ను గద్దె దించడం, ఎమ్మెల్యేలను కర్ణాటకకు తరలించడం, గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన మనిషి వీల్‌చెయిర్‌లో రాష్ట్రపతి భవన్‌కు వెళ్లడం, సరిగ్గా నెల తిరిగేసరికి సెప్టెంబరు 16న మళ్లీ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయడం... అవి నాటకీయ పరిణామాలంటే ఎవరూ కాదనరు. అందులో పాత్రలున్నాయి, మలుపులున్నాయి, ఊపిరి బిగబట్టి చూసిన జనం ఉన్నారు. పైగా హీరో అసలు సిసలు నటుడాయె. కానీ 'మంత్రి నాటకీయంగా రాజీనామా' అని హెడ్డింగ్ పెడితే ఆయన హఠాత్తుగా రాజీనామా చేశాడా, చేసినట్టు నటించాడా? అదే పేజీలో పక్క వార్తలో ప్రతిపక్ష నాయకుడు 'ఇదంతా నాటకం' అంటుంటాడు. పాఠకుడు ఏ నాటకాన్ని నమ్మాలి?

భాష మారుతుంది, వందసార్లు వాడితే అదే అర్థం స్థిరపడుతుంది అనేవాళ్లున్నారు. నిజమే, బస్సు, రైలు, టెన్షన్ అన్నీ అలా వచ్చినవే. కానీ అవి మన దగ్గర లేని వస్తువుతోనో, మనకు చాలని భావంతోనో వచ్చాయి. ఇది అలా కాదు, ఉన్న మాటలను తోసేసి కూర్చుంది.

అసలు నా కోపమంతా అక్కడే. తెలుగులో ఈ పనికి ఉన్నది ఒక్క మాట కాదు, డజను ఉన్నాయి, ఏ రెండూ ఒకటి కావు. పైకి దూకితే అమాంతం. ఎవరూ ఊహించనిదైతే అనూహ్యంగా. నెమ్మదిగానైనా లెక్కలోకి వచ్చేంతగా మారితే గణనీయంగా. హద్దు మీరితే విపరీతంగా. మనిషి మారితే గుర్తుపట్టలేనంతగా, ఊరు మారితే చూస్తుండగానే. 2024 జూన్ 4న సెన్సెక్స్ ఒక్కరోజులో దాదాపు 4,390 పాయింట్లు పోగొట్టుకున్నప్పుడు కుప్పకూలింది అన్నాం, చాలు, దానికి విశేషణం కూడా అక్కర్లేదు. వీటిలో ఒకటి ఎంచుకోవాలంటే జరిగింది ఏమిటో తెలియాలి: పెరిగిందా తగ్గిందా, ఒక్కరోజులోనా పదేళ్లలోనా, ముందే తెలుసా తెలియదా. నాటకీయంగా అని రాయడానికి ఇవేవీ తెలియనక్కర్లేదు, అందుకే అంత ఇష్టం! అనువాద యాప్‌కూ అందుకే ఇష్టం.

ఇంగ్లిష్‌లోనైనా ఈ మాట సగంసార్లు అంకెను దాచడానికే పనికొస్తుంది. ఎంత నుంచి ఎంతకు అనేది చెప్పకుండా 'డ్రమాటికల్లీ' అని దాటేస్తే చదివేవాడికి ఏదో పెద్దదే జరిగిందనిపిస్తుంది, రాసినవాడికి లెక్క చూసే పని తప్పుతుంది. మనం ఆ బద్ధకాన్ని కూడా అనువాదం చేసుకుంటున్నాం.

2023 జులై చివర్లో మదనపల్లెలో కిలో టమాటా 200 రూపాయల దరిదాపులకు వెళ్లింది. సెప్టెంబరుకల్లా ధర పడిపోయి, కూలి ఖర్చులు కూడా రాక, కర్నూలు వైపు రైతులు పంటను రోడ్ల పక్కన పారబోశారు. మన చేలో పండి, మన మండీలో వేలం పడిన సరుకు. ఆ వార్త ఢిల్లీ వెళ్లి, ఇంగ్లిష్ కాపీ అయి, హైదరాబాద్ డెస్కుకు తిరిగొచ్చి 'టమాటా ధరల్లో నాటకీయ పతనం' అని తెలుగైతే ఎలా ఉంటుంది? యార్డుకు ఒక్క ఫోన్ కొట్టి అడిగితే బాక్సు నిన్న ఎంతకు పోయిందో, ఇవాళ ఎంతకు పోయిందో హమాలీ కూడా చెబుతాడు.