వెదురు బలం నిజమే, పోస్టులో చెప్పింది మాత్రం కాదు

"వెదురు కాంపోజిట్ ఉక్కు కంటే గట్టిది, నీళ్లలో ఉన్నా ఏమీ కాదు, పారేస్తే మట్టిలో కలిసిపోతుంది" అన్న పోస్టును అందరూ తెగ షేర్ చేస్తున్నారు. కాంపోజిట్ అంటే వెదురు పీచును రెజిన్ అనే గట్టిపడే జిగురుతో కలిపి నొక్కి చేసిన పదార్థం. వెదురంటే నాకు ప్రాణం, అందుకే చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.

ముందు ఉక్కు సంగతి. బొంగును అడ్డంగా కోసి చూడండి. పైచర్మం దగ్గర నల్లటి చుక్కలు కిక్కిరిసి ఉంటాయి, లోపలికి పోయేకొద్దీ పలచబడతాయి. అవే పీచు కట్టలు, బలమంతా వాటిదే. పొడవునా లాగినప్పుడు, బరువుకు తగ్గ బలం లెక్కేస్తే, వెదురు మామూలు ఉక్కును దాటగలదు. అదే బొంగు కొస మీద కత్తి పెట్టి ఒక్క దెబ్బ వేస్తే నిలువునా చీలిపోతుంది. వంగకుండా నిలిచే గుణమైతే ఉక్కుకు 200 గిగాపాస్కల్స్ (ఆ గుణాన్ని కొలిచే యూనిట్), వెదురుకు సుమారు 10 నుంచి 20. అంటే ఒకే కొలతతో రెండు దూలాలు చేసి ఒకే బరువు పెడితే వెదురుది కనీసం పది రెట్లు ఎక్కువ వంగుతుంది. పోస్టులో ఈ ముక్కే లేదు.

నీళ్ల మాటకొస్తే, వెదురు పీచు నీటిని పీల్చి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది, ఇలా పదే పదే జరిగితే రెజిన్ పట్టు వదిలేస్తుంది. అందుకే పీచును కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టి, కడిగి, బాగా ఆరబెట్టి, ఫినాల్ ఫార్మాల్డిహైడ్ లాంటి రెజిన్ పట్టించి వేడి ప్రెస్‌లో నొక్కుతారు. నీళ్లను ఆపేది ప్రధానంగా ఆ రెజినే. ఇంత చేశాక కూడా కోసిన అంచునో స్క్రూ రంధ్రాన్నో సీల్ చేయకుండా వదిలేస్తే తేమ అక్కడి నుంచే దూరుతుంది.

మట్టిలో కలిసిపోతుందన్నదే అన్నిటికంటే పెద్ద తప్పు. నీటిని ఆపే ఆ రెజినే మట్టిలోని సూక్ష్మజీవులనూ పీచు దాకా రానివ్వదు. ఒకసారి గట్టిపడితే మళ్లీ కరిగించి వాడుకోవడమూ కుదరదు. వెదురు పొడిని మెలమిన్ రెజిన్‌తో కలిపి చేసిన కప్పులనూ ఇలాగే "సహజం" అని అమ్మారు, వేడి పానీయం పోస్తే వాటి నుంచి ఫార్మాల్డిహైడ్, మెలమిన్ ఊరి అందులోకి దిగుతాయని తేలింది. 2021లో యూరోపియన్ యూనియన్ వాటి అమ్మకాలను ఆపించే పనికి దిగింది.

వెదురు కొన్ని నెలల్లో పెరిగిపోతుందంటారు, ఎత్తు వరకు నిజమే, కానీ బొంగు ముదిరి పనికి రావాలంటే మూడు నాలుగేళ్లు ఆగాల్సిందే.

ఏళ్ల తరబడి ఉండే నేలపలకకు ఆ రెజిన్ వాడితే నాకు అభ్యంతరం లేదు, నాలుగు రోజులు వాడి పారేసే కప్పుకు మాత్రం ఒప్పుకోను.