కారణం చెబితే సమర్థించినట్టేనా?

ఎక్కడ ఎన్‌కౌంటర్ జరిగినా, మందుపాతర పేలినా రెండే మాటలు వినబడతాయి. నక్సలైట్లు పేదరికం వల్లే తుపాకీ పట్టారని కొందరు, హంతకులకు కారణాలేమిటని ఇంకొందరు. ఈ రెండు మాటలతోనూ నాకు పేచీ ఉంది.

పేదరికమే కారణమైతే మన ఊళ్లలో సగం ఎప్పుడో అడవి బాట పట్టాలి. శ్రీకాకుళం ఏజెన్సీనే తీసుకోండి. సవరలు, జాతాపులు తరతరాలుగా షావుకార్ల అప్పులకూ, ఫారెస్టు వాళ్ల మామూళ్లకూ నలిగిపోయారు. గిరిజనుల భూములు అన్యాక్రాంతం కాకూడదని 1959లో చట్టం వచ్చినా భూములు పోతూనే ఉన్నాయి. అయినా వాళ్లు ముందు తుపాకీ పట్టలేదు, సంఘం పెట్టుకున్నారు. పాలేర్ల జీతాలు పెంచమన్నారు, తాకట్టు భూములు తిరిగి ఇమ్మన్నారు. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్లు సభకు వెళ్తుంటే లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్చారు. కోరన్న, మంగన్న చనిపోయారు. మరుసటి ఏడాది నిందితులను కోర్టు వదిలేసింది. ఆ నవంబర్‌లోనే సాయుధ పోరాటం మొదలైంది.

ఆకలి అంతకుముందూ ఉంది. కొత్తగా పోయింది కోర్టు మీద నమ్మకం. అదొక్కటీ చాలదు, దారి చూపే మనుషులూ కావాలి. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లు, ఏళ్ల తరబడి ఆ కొండల్లో తిరిగి గిరిజనులను కూడగట్టినవాళ్లు. పక్కింటి మనిషి ముందు నడుస్తుంటే వెనక నడవడానికి ధైర్యం వస్తుంది. సమాజశాస్త్రం చెప్పేదీ ఇదే. ప్రభుత్వానికీ కారణం తెలుసు. తెలియకపోతే ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా 1970లో 1/70 చట్టం ఎందుకు తెస్తుంది? అదే ఏడాది జులైలో పంతుళ్లిద్దరూ చనిపోయారు. ఎన్‌కౌంటర్ అన్నారు పోలీసులు.

ఇక్కడిదాకా చెప్పి ఆగిపోయేవాళ్లంటే నాకు కోపం. అజ్ఞాతంలోకి వెళ్లిన సంస్థను నలుగురిలో నిలదీసేవాళ్లు ఉండరు. ఎవరిని చూసినా అనుమానమే. తర్వాతి దశాబ్దాల్లో ఇన్‌ఫార్మర్ అని ముద్ర వేసి చంపినవాళ్లలో ఎంతోమంది పేద ఆదివాసులే. ఆ చావులను లేవిడి తీర్పు ఖాతాలో రాయడం అన్యాయం. వాటికి వేరే కారణాలున్నాయి, అవీ అడగాలి. హక్కుల కార్యకర్త బాలగోపాల్ అడిగాడు. ఆ ప్రశ్నల మీద వచ్చిన విభేదాలతోనే పౌరహక్కుల సంఘం వదిలి 1998లో మరికొందరితో కలిసి మానవ హక్కుల వేదిక పెట్టాడు. పోలీసుల ఎన్‌కౌంటర్లను నిలదీయడం మాత్రం మానలేదు. నేను ఆయన పక్షమే.