పార్కింగ్‌లోనూ రూల్స్ ఉన్నాయండీ

"పార్కింగ్ అనేది ప్రైవేటు జాగా, అక్కడ రూల్స్ ఉండవు, ఎవరికి వాళ్లు సర్దుకుపోవాలి" అని పార్కింగ్ గురించి ఒక వ్యాసంలో రాశారు. ఆ మాట నేను ఒప్పుకోను. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం జనానికి వెళ్లే హక్కున్న ఏ చోటైనా పబ్లిక్ ప్లేసే, అది రోడ్డే కానక్కర్లేదు.

పోయిన నెల హైదరాబాద్‌లో ఒక మాల్ సెల్లార్‌లో వరసల మధ్య నెమ్మదిగా వస్తున్నాను. స్తంభం పక్కనుంచి ఒకాయన రివర్స్‌లో ఒక్కసారిగా బయటికి తీశాడు. నా ఎడమ డోరు సొట్టపోయింది. పైగా "హారన్ కొట్టాలి కదా" అని నామీదికే వచ్చాడు. వెనక్కి తీసేవాళ్లే కదండీ ఆగి చూసుకోవాల్సింది! డోరు పోతే పోయింది. నా కారు వెనకే ఒకావిడ ఒక చేత్తో ట్రాలీ తోస్తూ, రెండో చేత్తో మూడేళ్ల పాపని పట్టుకుని నడుస్తోంది. ఆ పాప అతని డిక్కీ ఎత్తు కూడా లేదు. నేను అడ్డం లేకపోతే? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

రెండు దారులు కలిసే మూలలో బోర్డు లేకపోతే కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలి. ర్యాంపు ఇరుగ్గా ఉంటే ఘాట్ రోడ్డులో లాగే దిగేవాళ్లు ఆగి, ఎక్కేవాళ్లని పోనివ్వాలి. ఎత్తులో మధ్యలో ఆగిన బండి వెనక్కి జారుతుంది మరి.

నేనిప్పుడు స్లాట్‌లోకే రివర్స్‌లో పెడుతున్నాను, బయటికి ముందుకు చూస్తూ రావచ్చని. మాల్ వాళ్లూ, ఈల వేసే సెక్యూరిటీ అతని మీదే భారం వేయకుండా మూలల్లో గుండ్రటి అద్దాలు పెట్టించండి, నేల మీద చెరిగిపోయిన బాణం గుర్తులు మళ్లీ వేయించండి.