బుడగ సంగతి పేపర్లో ఉండదు

తలకు పెద్ద దెబ్బ తగిలినవాళ్లకు స్టెరాయిడ్ ఎక్కించడం ఒకప్పుడు మామూలు వైద్యం. 2004లో క్రాష్ అనే పెద్ద ట్రయల్ 10,008 మంది లెక్క తీస్తే, రెండు వారాల్లో చనిపోయినవాళ్లు స్టెరాయిడ్ వైపు 21.1 శాతం, ప్లసీబో (ఉత్తుత్తి మందు) వైపు 17.9 శాతం. 2014లో ప్రొజెస్టెరాన్ వంతు వచ్చింది. ఎలుకల్లో ఎంతో ఆశ చూపిన ఆ హార్మోన్, మనుషుల మీద జరిగిన రెండు పెద్ద ట్రయల్స్‌లోనూ చతికిలపడింది. ఎందుకిలా అంటే అందరి నోటా ఒకటే మాట: ఎలుక మెదడు వేరు, మనిషి మెదడు వేరు. సగం నిజమే. రెండో సగం ఎవరూ బయటికి అనరు. ఎలుకకు రోజూ ఒకే దెబ్బ ఒకేలా కొట్టడం చాలా ల్యాబుల్లో రాదు.

అది చదివితే వచ్చే విద్య కాదు, చేతి విద్య. ఒక ల్యాబు నుంచి ఇంకో ల్యాబుకు అది దాటే ప్రధాన దారి సదస్సులే. అందుకే మెదడు, వెన్నుపాము గాయాల సదస్సులకు కుర్రవాళ్లను పంపే డబ్బును దానధర్మాల పద్దులో రాయడం తప్పంటాను. అది నాణ్యత తనిఖీ ఖర్చు.

నీటి ఒత్తిడితో ఎలుక మెదడుకు దెబ్బ కొట్టే ఫ్లూయిడ్ పెర్కషన్ అనే పద్ధతే చూడండి. ఎలుక కపాలంలో సుమారు 4.8 మిల్లీమీటర్ల రంధ్రం చేస్తారు. కింది పొర చిరగకూడదు. రంధ్రం మీద చిన్న ప్లాస్టిక్ గొట్టం అతికించి, చుట్టూ డెంటల్ సిమెంటు పోసి, లోపల సెలైన్ నింపుతారు. దాన్ని నీళ్లతో నిండిన పొడవాటి సిలిండర్‌కు తగిలిస్తారు. లోలకం వచ్చి అవతలి చివర పిస్టన్‌ను కొడితే ఒత్తిడి అల మెదడును తాకుతుంది. పేపర్లో ఇదంతా నాలుగు వాక్యాలు. సిలిండర్‌లో గాలి బుడగ ఒక్కటి మిగిలినా అల దెబ్బతింటుంది, స్క్రీన్ మీద నున్నగా లేవాల్సిన గీత రంపపు పళ్లలా వస్తుంది. నీటిని ముందురోజే నింపి నిలవ ఉంచాలని, సిలిండర్‌ను వంచి తట్టి బుడగలు పైకి తేవాలని, సిమెంటు అంచున చెమ్మ కనిపిస్తే ఆ ఎలుకను లెక్కలోంచి తీసేయాలని పేపర్లో రాయరు. సదస్సులో తన పరిశోధన పోస్టర్ పక్కన నిలబడ్డ మూడో ఏడాది పీహెచ్‌డీ అమ్మాయి చెబుతుంది.

వెన్నుపాము సంగతీ అంతే. 10 గ్రాముల కడ్డీని 25 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి ఎలుక వెన్నుపాము మీదికి వదులుతారు. వెన్నుపూసను పట్టిన క్లాంపు కాస్త వదులైతే ఎముకే కిందికి దిగి సగం దెబ్బను మింగేస్తుంది. కడ్డీ ఎగిరి మళ్లీ పడితే రెండు దెబ్బలు. మత్తులో ఒళ్లు చల్లబడితే గాయం దానంతటదే తగ్గుతుంది, ఆ పుణ్యం మందు ఖాతాలో పడుతుంది. ఇక మూత్రాశయం. వెన్ను దెబ్బతిన్న ఎలుకకు రోజుకు రెండు మూడుసార్లు చేత్తో నొక్కి ఖాళీ చేయాలి. ఆదివారం సాయంత్రం ఎవరో మర్చిపోతే ఇన్‌ఫెక్షన్ వస్తుంది, గ్రూపు చిన్నదవుతుంది, గణాంకం కూలుతుంది.

మార్కులు వేయడం మరీ కష్టం. 1995లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ నుంచి వచ్చిన బీబీబీ అనే నడక స్కేలులో మార్కులు 0 నుంచి 21 దాకా ఉంటాయి. ఇద్దరు పరిశీలకులు నాలుగు నిమిషాలు ఎలుక నడక చూస్తారు. ముందు కాళ్లు, వెనుక కాళ్లు కలిసి కదలడం ఉన్నా సగం సార్లకు మించకపోతే 12, అంతకు మించితే 13, దాదాపు ప్రతిసారీ అయితే 14. ఈ మూడింటి మధ్యే కెరీర్లు నిలుస్తాయి, కూలుతాయి. మన కన్ను ఒక అంకె అటు జరిగితే లేని మందు పుడుతుంది.

వెన్నుపాము గాయాల పరిశోధనలో పేరున్న ఫలితాలను మళ్లీ చేసి చూడమని అమెరికా ప్రభుత్వం కొన్ని ల్యాబులకు కాంట్రాక్టు ఇచ్చింది. ఆ ప్రయోగాల లెక్క 2012లో ఒక జర్నల్ ప్రత్యేక సంచికలో వచ్చింది. చాలావాటిలో మొదటి ఫలితం మళ్లీ కనిపించలేదు. అప్పుడు మోసం అని అరిచినవాళ్లున్నారు. నాకైతే అక్కడ మోసం కంటే బుడగలు, క్లాంపులే ఎక్కువ కనిపించాయి.

జూమ్ ఉండగా విమానాలెందుకు, ఆ డబ్బు ల్యాబుకే ఇవ్వొచ్చు కదా అంటారు. ప్రసంగాల వరకు ఒప్పుకుంటాను, అవి ఇంట్లో కూర్చునే వినొచ్చు. కానీ తన ఎలుకలు చచ్చిపోతున్నాయని వందమంది చూసే తెర మీద ఏ విద్యార్థీ చెప్పడు. కాఫీ క్యూలో చెబుతాడు.

అయితే సాయం చేసే తీరు మారాలి. అమెరికాలో నేషనల్ న్యూరోట్రామా సొసైటీ ఏటా సింపోజియం జరుపుతుంది. ఇలాంటి సభలకు అక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ దగ్గర ఆర్13 గ్రాంటు ఉంది. దరఖాస్తుకు ముందే అనుమతి తీసుకుంటే ప్రయాణాలకు, రిజిస్ట్రేషన్ ఫీజుకు వాడుకోవచ్చు. చిక్కంతా ‘ముందు మీరు పెట్టుకోండి, తర్వాత ఇస్తాం’ అనే పద్ధతితోనే. 2024లో ఎన్ఐహెచ్ పీహెచ్‌డీ స్టైపెండ్ ఏడాదికి 28,224 డాలర్లు, అంటే నెలకు 2,352. టికెట్టు, హోటలు, ఫీజు కలిస్తే అందులో పెద్ద ముక్కే ఎగిరిపోతుంది. అప్పుచేసి వెళ్లగలిగినవాళ్లే వెళ్తారు. టికెట్టు నిర్వాహకులే కొనాలి, గది వాళ్లే బుక్ చేయాలి. ఉత్తమ పోస్టర్ బహుమతి సొమ్ము తగ్గించి ఇంకో ఇద్దరిని పిలిచినా నష్టం లేదు. ఒక పూట ప్రసంగాలు ఆపి యంత్రాలు బల్ల మీద పెట్టాలి. చెడిపోయిన ప్రయోగాలకు ఒక వరుస పోస్టర్లు కేటాయించాలి, గైడ్లకు అక్కడ ప్రవేశం లేకుండా. (ఇది సరదాకి అన్నది కాదు.)

ఇక మన సంగతి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. తల, వెన్ను దెబ్బలతో క్యాజువాలిటీకి వచ్చేవాళ్లను రాత్రి రెండింటికి చూసేది పీజీ డాక్టరే. మన సదస్సుల్లో మాత్రం జ్యోతి ప్రజ్వలనకు అరగంట, శాలువాలకు ఇంకో అరగంట, పీజీ పేపరుకు ఆరు నిమిషాలు. అదీ భోజనాల వేళకు, ఖాళీ కుర్చీల ముందు.

ఆ గంట మిగిల్చి వెన్నుపాము గాయం పరీక్ష నేర్పితే చాలు. ఒక్కో పక్క 28 చోట్ల స్పర్శ, సూది మొన. పది కండరాలకు 0 నుంచి 5 మార్కులు. చివర మలద్వారం దగ్గర స్పర్శ, బిగింపు. మొహమాటంతోనో తీరిక లేకనో వదిలేసేది ఈ చివరిదాన్నే. అక్కడ కాస్త స్పర్శ మిగిలి ఉంటే రోగి కనీసం గ్రేడ్ బి, అంటే వెన్నుపాము పూర్తిగా దెబ్బతినలేదని. చూడకుండా గ్రేడ్ ఏ (పూర్తి గాయం) అని రాస్తే, ఆర్నెల్ల తర్వాత ఎవరో సరిగ్గా చూసి బి అని రాస్తారు. ఈలోగా ఆ రోగి ఏదో కొత్త మందు ట్రయల్‌లో ఉంటే, ‘కోలుకున్నవాళ్ల’ జాబితాలో ఒకరు పెరుగుతారు.